మేకుల వరస

కుడికాలు తొడదాకా మేడమీది చెక్కనేలలో దిగబడి ఉంది. ఎడమకాలు మడతపడి నా కిందే ఇరుక్కుంది. ఇలా పడి పావుగంటయిందో అరగంటయిందో ఫోను చూస్తే తెలుస్తుంది, కానీ చూసినప్పుడల్లా తెర వెలిగి ఛార్జింగులో ఒక అంకె రాలిపోతుందేమోనని చూడటం లేదు. కుడిపాదం కింద ఏమీ లేదు. అదొక్కటే మనసుకు ఎక్కడం లేదు. షూ ఉంది, షూలో పాదం ఉంది, దాని కింద చల్లగాలి, ఆ గాలికి అడుగున ఇందాక నేను ముచ్చటపడి ఫొటోలు తీసుకున్న పెద్ద హాలు, దాని పాలరాతి నేల. మోకాలి మీద నుంచి వెచ్చగా ఏదో జారి మేజోడులో ఇంకుతోంది. కాలు పైకి లాగితే విరిగిన పలకల మొనలు తొడలోకి దిగుతున్నాయి, లాగకుండా ఊరుకుంటే నేల తనంతట తానే కిర్రుమంటోంది. మొదట హలో అని అరిచాను. తర్వాత హెల్ప్ అన్నాను. మూడోసారి నాకు తెలియకుండానే "ఎవురన్నా ఉండారా" అని అరిచాను, పక్కింటి వాకిట్లో నిలబడి పిలిచినట్టు, ఆ ఆత్మకూరు మాట ఖాళీ గదులన్నీ తిరిగొచ్చి మళ్ళీ నా చెవిలోనే పడింది. ఎక్కడో ఒక పావురం రెక్కలు కొట్టుకుంది. అంతే.

ఇది జార్జియా దేశం, ఊరి పేరు స్కాల్తుబో, మూడు రోజులుగా అంటున్నా నాకు నోరు తిరగని పేరు. సోవియట్ కాలంలో వేడినీటి బుగ్గల దగ్గర స్నానాలు చేసి జబ్బులు బాగుచేసుకోవడానికి రైళ్ళలో జనం వచ్చి దిగేవాళ్ళట, వాళ్ళ కోసం కట్టిన రాజమహళ్ళలాంటి భవనాలు ఇప్పుడు చెట్లు మొలిచి ఖాళీగా నిలబడి ఉన్నాయి, నాలాంటి వాళ్ళు వీపున సంచీ తగిలించుకుని వచ్చి చూసి పోతుంటారు. ఎమర్జెన్సీకి ఫోను చేయొచ్చు. చేసి ఏమని చెప్పాలి, ఊరి చుట్టూ ఇలాంటివి ఇరవై ఉన్నాయి, దీని పేరు గేటు మీద రాసి ఉంది, కానీ ఆ అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉండి, చదవబోతే తెలియని అక్షరాలయిపోతాయి. దాని పక్కనే ఎర్రరంగు బోర్డొకటి ఉంది, అది మాత్రం ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతుంది, లోపలికి రావద్దని. నేను కంచె సందులోంచి దూరాను. పోలీసులొస్తే, జరిమానా అంటే, వీసా అంటే. ఇంకో పది నిమిషాలు చూసి చేద్దాం. నాతో వచ్చిన నిరోషకు చేద్దామంటే దాని ఫోనులో సిమ్ము లేదు, ఇద్దరికీ కలిపి ఒక్క సిమ్మే కొన్నాం, అన్నీ ఇద్దరికీ కలిపి ఒక్కటే, ఒక దువ్వెన, ఒక గొడుగు, ఎనిమిది మంచాల హాస్టల్ గదిలో ఒక తాళంచెవి, పొద్దున ఉడికించుకునే గుడ్లు మాత్రం చెరి రెండు. పొద్దున్నే మాటా మాటా అనుకున్నాం. అది జలపాతం చూద్దామంది, నేను ఇది చూద్దామన్నాను. "దెయ్యాల కొంపల్లో ఏముండాదే, అంతగా చూడాలనుంటే మా ఉదయగిరి కొండెక్కితే సరిపోయె, టిక్కెట్టు గూడా లేదు" అంది. నిజమే. దానిది ఉదయగిరి, నాది ఆత్మకూరు, డిగ్రీలో ఒకే బెంచీ. సెకండియర్లో అదే నన్ను ఆ కొండ ఎక్కించింది, పై కప్పులేని మహళ్ళు, గోడల మధ్య పెరిగిన సీతాఫలం చెట్లు, ఎవరో రాజు పడుకున్న చోట మేకలు పడుకుని నెమరేస్తున్నాయి, నేను ఒక్కో గదిలోకీ పోయి నిలబడితే నిరోష గుండ్రాయి మీద కూర్చుని, "వస్తావా రావా, ఆఖరు బస్సు పోతాది" అని అరిచింది. ఖాళీ ఇళ్ళ పిచ్చి నాకు అక్కడే పట్టిందని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పేదాన్ని. చెన్నైలో ల్యాబులో నాతో పనిచేసే వాళ్ళకు కూడా అదే చెప్పాను. అబద్ధం. అది అంతకు ముందుదే.

నాన్నకు నేను బెంగుళూరులో ఉన్నాను. ఆఫీసు ట్రైనింగు, పదిరోజులు. రోజూ సాయంత్రం ఐదున్నరకు పని ఆపి ఫోను చేస్తాడు, ఇక్కడ నాలుగవుతుంది, నేను ఎక్కడున్నా గోడ చాటుకు పోయి, తిన్నాను, క్లాసులు బాగానే ఉన్నాయి, ఎండగానే ఉంది అని చెప్పేస్తాను. విమానం ఎక్కినందుకో డబ్బు ఖర్చయినందుకో దాచలేదు. నాన్న వాళ్ళది సోమశిల ముంపు ఊరు. డ్యాము కట్టినప్పుడు ఆయనకు పదేళ్ళు. మా తాత దేవుడి బొమ్మలు లేని ఇంట్లోంచి బైబిలు వాక్యం రాసిన అద్దం పటం ఒకటి తీసుకుని బండెక్కాడని అవ్వ చెప్పేది, హన్నమ్మవ్వ, ఆత్మకూరులో ముంపువాళ్ళకు సర్కారిచ్చిన ప్లాటులో మా ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పేది, చెప్పి చివర్న "నీళ్ళకేం తెలుసులే" అనేది. ఎండలు ముదిరి డ్యాములో నీళ్ళు లాగేసిన ఏడాది ఊరి గోడలు బయటపడతాయి. అప్పుడు నాన్న అనంతసాగరం మీదుగా బండేసుకుని పోతాడు, బుట్టల్లాంటి మావులు పెట్టి చేపలు పట్టేవాళ్ళ పక్కనుంచి బురద దాటి పోయి, మోకాలెత్తు మిగిలిన గోడల మధ్య నిలబడి, కాసేపుండి వచ్చేస్తాడు. నేను ఇంటర్లో ఉండగా ఒక ఏడు నన్నూ తీసుకుపోయాడు. ఇక్కడ పొయ్యి, ఇక్కడ మా నాయన పడుకునేది, ఇది దొడ్డి అని చూపిస్తున్నాడు. ఆ రోజు ఎక్కడినుంచో కారులో నలుగురు వచ్చారు, మెడలో కెమెరాలు, బురద అంటకుండా ప్యాంట్లు మడుచుకున్నారు. వాళ్ళలో ఒకతను మర్యాదగానే అన్నాడు, "పెద్దాయనా, కొంచెం పక్కకు జరుగుతారా, ఫొటోలో పడుతున్నారు." నాన్న జరిగాడు. తన ఇంట్లోంచి తాను పక్కకు జరిగి, సారీ అన్నట్టు చెయ్యి కూడా ఎత్తాడు. వచ్చేటప్పుడు బండి మీద, ఆత్మకూరు దగ్గర పడ్డాక, కోపం లేకుండానే, "పాడుబడ్డ ఇండ్లు చూసేదానికి దుడ్లు పెట్టుకోని తిరిగేవాళ్ళు గూడా ఉండార్రా లోకంలో" అన్నాడు. ఆ మాట విన్నాక నేనెలా చెప్పను, నాన్నా నేను రెండేళ్ళు కూడబెట్టింది అందుకేనని. ఆ రోజు వాళ్ళని తిట్టుకున్నదాన్నే, గోడలు ఎండలో మెరుస్తుంటే నా ఫోనుతో నేనూ రెండు ఫొటోలు తీసుకున్నానని.

ఫోను మోగింది. పట్టుకోబోతే అది పలక అంచుదాకా జారింది, వేళ్ళతో గీరి లాక్కున్నాను. నాన్న.

"ఏందిమా, ఎంతసేపు. తిన్నావా?"

"నాన్నా."

"గొంతేంది అట్టుండాది?"

"నాన్నా, నేను బెంగుళూర్లో లేను." ఆయన వెనక చెక్క నునుపుచేసే చిత్రిక మిషను తిరుగుతున్న చప్పుడు, బస్టాండు వైపు నుంచి హారన్లు, ఆ చప్పుళ్ళన్నీ నాకు ఇక్కడ ఈ దుమ్ములో వినిపిస్తున్నాయి. "వేరే దేశంలో ఉండాను. నిరోషా నేనూ వచ్చినాం. పాడుబడ్డ బిల్డింగు చూద్దామని లోపలికొచ్చినాను. చెక్కనేల విరిగి కాలు దిగబడిపోయింది. తీయబోతే రావడంలేదు."

మిషను ఆగిపోయింది. ఎవరితోనో "నువ్వు కాసేపు బయటుండు" అన్నాడు. తర్వాత ఏం వస్తుందోనని కళ్ళు మూసుకున్నాను.

"పక్కన ఎవురన్నా ఉండారా?"

"లేరు."

"బొటనేలు కదిలిచ్చు. కదులుతుండాదా?"

"ఆఁ."

"బాట్రీ ఎంతుండాది?"

"ఐదు."

"అయితే ఏడవబాక. ఏడిస్తే నా మాట ఇనపడదు. పలకలు నీకు పొడుగ్గా పొయినాయా, అడ్డంగానా?"

పొడుగ్గా, అన్నాను. దుమ్ము తుడవమన్నాడు. అరచేత్తో తుడిచాను, పావురాల రెట్ట, గోడ సున్నం, ఎప్పటిదో పాత వార్నిషు, దాని కింద నల్లటి చుక్కలు, చుక్క తర్వాత చుక్క, ఒకే గీతలో గోడదాకా. మేకులు. నా నడుముకు వెనకాల ఒక జానెడు దూరంలో.

"ఆ గీత కింద దూలం ఉండాది. మేకు కొట్టినోడు గాలికి కొట్టడు గదా. నీ బరువు మెల్లంగా దాని మీదికి జరుపు. ఎగిరి కూర్చోబాక. జరుగు."

జరిగాను. నేల కిర్రుమనలేదు. ఇంతసేపూ నాతో పాటు ఊపిరి బిగబట్టిన నేల ఇక్కడ మాత్రం ఊరకే ఉంది, మా ఇంటి అరుగులాగా గట్టిగా ఉంది.

"ఇప్పుడిను. చేపలకు పెట్టే మావు చూసినావు గదా సోమశిలలో. పుల్లలన్నీ లోపలికి వంగుంటాయి. చేప పొయ్యేదానికే దారి, వచ్చేదానికి గుచ్చుకుంటాయి. నీ కాలూ అట్టనే ఉండాది. పైకి లాగబాక. ముందు ఇంకొంచెం కిందికి దించు. దించి, జారే గుడ్డ ఏదన్నా ఉంటే కాలి చుట్టూ తొయ్యి."

"రెయిన్‌కోటుంది."

"బంగారం. అది తొయ్యి. మొనలకూ కాలికీ మధ్యన అది ఉండాల. పలక చీలికలు చేత్తో కిందికి విరువు, పైకి కాదు."

కిందికి దించడం. ఇంతసేపూ పైకి రావాలని చచ్చిపోతున్నదాన్ని ఇంకా కిందికి దించమంటాడు. కళ్ళు మూసుకుని దించాను, మొనలు తొడని వదిలేశాయి, ఒకటీ రెండూ మూడూ, కాసేపు నొప్పి తెలియలేదు. పచ్చటి నైలాను కోటు మడతలు పెట్టి వేళ్ళతో లోపలికి కుక్కాను. రెండు చీలికలు విరిగి కింద పడ్డాయి, పడిన చప్పుడు చాలా ఆలస్యంగా వినిపించింది, వినకుండా ఉంటే బాగుండేది.

"నాన్నా, రెండు. ఫోను ఆగిపోతే?"

"ఆగిపోనీ. దూలం యాడికీ పోదు. కాలు వచ్చినాక లెయ్యబాక, బోర్లా పడుకోని మేకుల వరస మీదనే పాక్కుంటా గోడదాకా పో. వరస దాటబాక. గోడ పక్కన నేల గట్టిగుంటాది, ఆడ లేచి నిలబడు. కిందికొచ్చినాక..."

అంతే, తెర నల్లబడింది. కిందికొచ్చినాక ఏం చెయ్యమంటాడో తెలియలేదు. ఫోను చేయమనే అయి ఉంటుంది. లేక తిట్టడమో.

కాలు వచ్చింది. ఎలా వచ్చిందంటే, నేను ఊహించుకున్నట్టు పెద్ద నొప్పితో కాదు, కోటుతో పాటు జారి, చినిగిన జీన్సుతో, దుమ్ము కొట్టుకుని, ఎవరిదో కాలు నా పక్కన పడుకోబెట్టినట్టు వచ్చింది. బోర్లా పడుకున్నాను. బుగ్గ చెక్కకు ఆనించి ఒక మేకు తలని చాలా దగ్గరగా చూశాను, తుప్పుపట్టి, చదునుగా, చుట్టూ చిన్న సొట్ట, సుత్తి దెబ్బ ఒకటి తప్పినట్టుంది, కొట్టినవాడు ఎప్పుడో పోయి ఉంటాడు. ఊరు ఖాళీ చేసేటప్పుడు తాత వాళ్ళు మిద్దెలు విప్పి దూలాలు బండ్లకెత్తుతుంటే నాన్న పని మేకులు ఏరడం. పదేళ్ళ పిల్లవాడు గంపలో మేకులు ఏరి, రాతి మీద పెట్టి వంకర తీసి, మళ్ళీ గంపలో వేసేవాడట. ఆత్మకూరులో కొత్త ఇంటి కప్పుకు అవే వాడారు. బడికి పోకుండా వడ్రంగి దగ్గర చేరింది అప్పుడే. ఎవరి నేల మీదైనా మేకు చూసి కిందేముందో చెప్పగల మనిషి అలా అయ్యాడన్నమాట, నేను ఆయన కూతుర్ని, ఇన్ని ఖాళీ ఇళ్ళు తిరిగీ తలెత్తి పైకప్పుల ఫొటోలు తీశానే గానీ కాళ్ళ కింద ఏముందో ఒక్కసారీ చూడలేదు. ఒక మేకు, ఇంకో మేకు. మోచేతులు కొట్టుకుపోయాయి. కిటికీలోంచి ఎండ నాకంటే ముందు గోడ ఎక్కింది. చివరికి వేళ్ళకు ఇటుక తగిలింది, గరుకుగా, చల్లగా. దాన్ని పట్టుకుని లేచి నిలబడి, గోడకు వీపు రాసుకుంటూ మెట్లదాకా నడిచాను, రాతి మెట్టు మీద కూలబడి నవ్వాను. ఏడుపొస్తుందనుకున్నాను గానీ నవ్వే వచ్చింది.

కింది అంతస్తులో ఎర్రగడ్డలు వేగుతున్న వాసన. మెట్లు దిగుతుంటే అది పెరుగుతోంది. హాలు దాటి వెనక వరండాలో, ఇందాక నేను రాని, నా అరుపు చేరని వైపు, నూనె డబ్బాల్లో పూలమొక్కలు, పొయ్యి గొట్టం, ఒక తలుపు. తట్టాను. లోపల కుర్చీ జరిగింది, తలుపు కింద నేల గీసుకుంటూ తెరుచుకుంది, డెబ్బై దాటిన ఆవిడ, నల్లగౌను, చేతిలో గరిటె. నా కాలు చూసి ఒక మాటంది, గరిటె పక్కన పెట్టి నన్ను భుజం పట్టి లోపలికి లాగింది, తలుపును భుజంతో ఎత్తి మూసింది. మంచం మీద కూర్చోబెట్టి, వేడినీళ్ళతో కడిగి, ఘాటుగా ఉన్న ఏదో సారాయి పోసి, పాత దుప్పటి చింపి కట్టు కట్టింది. కడుగుతున్నంతసేపూ తిడుతూనే ఉంది, భాష రాకపోయినా తిట్టని తెలుస్తోంది, హాయిగా ఉంది. గుండెమీద చెయ్యి పెట్టుకుని "నానా" అంది. పేరట. గోడ మీద సముద్రం ఒడ్డున ఉన్న తెల్లటి ఇంటి ఫొటో చూపించి "సుఖుమి" అంది, తర్వాత రెండు చేతులతో తుపాకీ పేలినట్టు చూపించి, ఈ గది చూపించి, మూడు వేళ్ళు ఎత్తి సున్నా చుట్టింది. ముప్పై ఏళ్ళు. యుద్ధంలో ఊళ్ళొదిలి వచ్చినవాళ్ళకు ఈ భవనాల్లో గదులిచ్చారని నేనెక్కడో చదివాను, ఒక వాక్యం, దాన్ని దాటుకుని ఫొటోల దగ్గరికి పోయాను. కిటికీకి అవతల తీగ మీద ఆరేసిన ఆమె గౌన్లు. వచ్చేటప్పుడు బయటినుంచి ఈ కిటికీనే తీశాను, గౌన్లతో సహా, బాగుందని. ఆ సంగతి చెప్పడానికి నాకు మాటల్లేవు. ఫోను ఛార్జింగుకు పెట్టి, వెలిగాక ఆ ఫొటో తీసి ఆమెకే చూపించాను. దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది, తన గౌనుకు పడిన మాసికను వేలితో చూపించి పడీపడీ నవ్వింది. తీసేయనా అని సైగ చేశాను. అక్కర్లేదని తలూపింది.

హాస్టల్ వైఫై తగిలినప్పుడు చూసుకుంటుందిలే అని నిరోషకు ఎక్కడున్నానో పెట్టాను. తర్వాత నాన్నకు వీడియో కాల్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు. షెడ్డులో బల్ల మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా మీద చెక్కపొట్టు, గంటయినా దులుపుకోలేదు.

"కాలు చూపీ."

చూపించాను. కట్టు చూసి, "బాగా కట్టినారే" అన్నాడు. తల వెనక్కి వాల్చి కళ్ళు తుడుచుకున్నాడు, చెక్కపొట్టు పడినట్టు.

"నాన్నా, అబద్ధం చెప్పినాను."

"చెప్పినావు."

"ఆ రోజు డ్యాము నుంచి వస్తా నువ్వన్న మాటకి, చెప్పలేకపోయినాను. పాడుబడ్డ ఇండ్లు చూసేదానికి వచ్చినానని."

ఆయనకా మాట గుర్తుందో లేదో. చొక్కా మీది పొట్టు ఇప్పుడు దులుపుకున్నాడు. "చూస్తే తప్పేముండాది రూబీ. నేను మాత్రం పోయి చూట్టంలా? లోపల మనుషులుండారేమో ఒక మాట అడిగి చూడాల, అంతే. కోపం నువ్వు ఆత్మకూరొచ్చినాక పడతాలే. ఎవురామె?"

చెప్పాను. యుద్ధం, ఊరు, ముప్పై ఏళ్ళు. "మనకు ప్లాట్లన్నా ఇచ్చినారు" అన్నాడు మెల్లగా. "ఫోను ఆమె వైపు తిప్పు, దండం పెడతా." తిప్పాను. నాన్న రెండు చేతులూ జోడించాడు, ఆమె కూడా చూసి అలాగే జోడించింది. అప్పుడే పొయ్యి మీద ఏదో మాడుతుంటే పొగ పోవడానికి ఆమె లేచి తలుపును భుజంతో ఎత్తి తీసింది, మళ్ళీ ఎత్తి మూసింది.

"అట్ట ఎత్తి మూస్తుందేంది ఆమె? తలుపును చౌకట్టుకు పట్టే పైబందు వదులైపోయిందే. దగ్గరికి పట్టు." పట్టాను. "దాని మరమేకులు లూజుగా తిరుగుతుండాయా? అగ్గిపుల్లలు అడుగు. మర ఊడదీసి ఆ బొక్కలో రెండు పుల్లలు కుక్కి, మళ్ళీ బిగించు. కత్తి మొన చాలు."

కుంటుతూ లేచాను. అగ్గిపెట్టె సైగ చేసి అడిగితే పొయ్యి మీద నుంచి ఇచ్చింది. ఆమె తలుపు ఎత్తి పట్టుకుంది, నాన్న "ఇంకో పుల్ల, ఆఁ, విరువు, ఇప్పుడు తిప్పు, గట్టిగా, అది కాదు కిందది" అంటూ ఉన్నాడు, నేను ఫోను కుర్చీకి ఆనించి వంటకత్తి మొనతో నాలుగు మరలు బిగించాను. నానా తలుపు తీసింది. మూసింది. నేల గీసుకోలేదు. మళ్ళీ తీసి, ఈసారి ఒక్క వేలితో నెట్టింది, అది దానంతట అది పోయి మూసుకుంది. ఆమె నా ఫోను తీసుకుని కుర్చీలో కూర్చుని నాన్నకు ఏదో చెప్పడం మొదలుపెట్టింది, పొడుగ్గా, తలుపు వైపూ గోడ మీద ఇంటి ఫొటో వైపూ చెయ్యి చూపిస్తూ. "అవునమ్మా" అన్నాడు నాన్న. "అవును. మాది గూడా అంతే. ఏటొడ్డునే ఉండేది." ఆమె ఆగి విని, తల ఊపి మళ్ళీ అందుకుంది. నాకొక్కసారిగా విపరీతమైన ఆకలేసింది. బల్ల మీది రొట్టె తుంచి వేగిన ఎర్రగడ్డల్లో అద్దుకుని, వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే, తింటూ కూర్చున్నాను.